లెబ్రాన్‌ను ఉంచుకోండి, పాత ధరకు మాత్రం వద్దు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు యాజమాన్యానికి బహిరంగ లేఖ
జనవరి 2026

మార్క్ వాల్టర్ గారికి, జీనీ బస్ గారికి, రాబ్ పెలింకా గారికి, కోచ్ జేజే రెడిక్ గారికి,

నమస్కారం. మీ ఆట లాస్ ఏంజెలెస్‌లో రాత్రి ఏడున్నరకు మొదలైతే చలికాలంలో హైదరాబాద్‌లో మరునాడు ఉదయం తొమ్మిదవుతుంది. ఆఫీసులో లాగిన్ అయ్యే వేళకు ఫోన్లో ఆట పెట్టుకునే తెలుగువాళ్ళు ఇక్కడా ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. వాళ్ళలో ఆటతో పాటు జీతాల లెక్కలు కూడా చూసే కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. విషయం ఒక్కటే. ఈ సీజన్‌తో లెబ్రాన్ జేమ్స్ ఒప్పందం ముగుస్తోంది. డిసెంబర్ 30న ఆయనకు 41 నిండాయి. వేసవిలో ఆయన్ని ఉంచుకోవాలా, సాగనంపాలా?

మా మాట ముందే చెప్పేస్తాం: ఉంచుకోండి. ఒక్క ఏడాదికి, ఆటకు 28 నిమిషాల లెక్కన, ఆ 28 నిమిషాలకు తగిన ధరకు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా మర్యాదగా చేయి కలిపి పంపించేయండి. ఇరవై మూడేళ్ళ కెరీర్‌కు కృతజ్ఞతగా కడితే అది జీతం కాదు, సన్మానం. సన్మానాలను క్యాప్ (లీగ్ పెట్టిన జీతాల పరిమితి) లెక్కలో వేయకూడదు.

ఇలాంటి సన్మానం మీ ఇంట్లోనే ఒకసారి జరిగింది. 2013 ఏప్రిల్‌లో కోబీ బ్రయంట్‌కు అకిలీస్ స్నాయువు తెగింది. ఆయన మళ్ళీ కోర్టు మీద అడుగు పెట్టకముందే, అదే ఏడాది నవంబర్‌లో, రెండేళ్ళకు 4.85 కోట్ల డాలర్ల పొడిగింపు రాసిచ్చారు. డిసెంబర్‌లో తిరిగొచ్చి ఆరు ఆటలు ఆడేసరికి మోకాలి ఎముక చిట్లింది. కొత్త ఒప్పందం మొదలైన 2014-15లో 35 ఆటలు ఆడాక భుజం పోయింది. ఆ ఏడాది లీగ్ జీతాల పరిమితి 6.3 కోట్లు, అందులో ఆయన ఒక్కడి వాటా 2.35 కోట్లు, అంటే నూటికి 37. జట్టు 21 గెలిచి 61 ఓడింది. తర్వాతి ఏడు 17-65. చివరి ఆటలో యూటా మీద కొట్టిన 60 పాయింట్లు అందరికీ గుర్తున్నాయి. ఆ సీజన్ మొత్తం మీద ఆయన షాట్లలో నూటికి 36 కూడా పడలేదన్నది, డి’యాంజెలో రసెల్ లాంటి కుర్రాళ్ళు ఆ వీడ్కోలు యాత్ర పక్కన నిలబడి ఏడాది గడిపారన్నది ఎవరూ తలచుకోరు. పెలింకా గారూ, ఆ ఒప్పందం కుదిరిన రోజు మీరు బల్లకు అవతలి వైపు ఉన్నారు, కోబీ ఏజెంటుగా. మీ పని మీరు బ్రహ్మాండంగా చేశారు. ఇప్పుడు ఇవతలి వైపు కూర్చున్నారు కాబట్టి ఆ సంభాషణ ఎలా సాగుతుందో మీకు చెప్పేటంతటి వాళ్ళం కాదు.

కోబీ వేరు, లెబ్రాన్ వేరు అంటారు. నిజమే, వేరు. 2023-24లో 71 ఆటలు, 2024-25లో 70 ఆటలు ఆడాడు. నలభై ఏళ్ళ వయసులో సగటున 24.4 పాయింట్లు, 7.8 రీబౌండ్లు, 8.2 అసిస్టులు. చింత చచ్చినా పులుపు చావలేదు. కానీ మీ జట్టులో ఆయన గడిపిన ఏడేళ్ళూ వరసగా చూడండి: 55, 67, 45, 56, 55, 71, 70. గజ్జ, చీలమండ, పాదం, మోకాలు, ఇప్పుడు నడుము నరం. ఏడు సీజన్లలో 60 దాటినవి మూడే. ఈ సీజన్ సయాటికాతో మొదలైంది, తొలి 14 ఆటలు పోయాయి, నవంబర్ 18న గానీ దిగలేదు. బడ్జెట్ వేసేటప్పుడు 70 ఆటలని రాసుకోవద్దు. 55 అని రాసుకోండి. పైన వచ్చినవి లాభం.

సయాటికా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మీ నిర్ణయంలో సగం దాని మీదే ఆధారపడి ఉంది. నడుము కింది పూసల మధ్య నరం వేరు ఒత్తుకుంటే నొప్పి పిరుదు మీదుగా కాలి దాకా పాకుతుంది. బాస్కెట్‌బాల్‌లో దీని దెబ్బ ముందు పడేది షూటింగ్ మీద కాదు. డిఫెన్స్‌లో నడుము వంచి కూర్చున్నట్టు నిలబడే భంగిమ మీద, రీబౌండ్‌కు ఎగిరి దిగే ఒంటికాలి మీద, మొదటి అడుగు విసురు మీద. అందుకే స్కోరు కాగితం చూస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. రెండోది, ఇది కూర్చుంటే ముదిరే జబ్బు. ఆట గడియారంలో ఆరు నిమిషాల విరామమంటే ఫౌళ్ళు, టైమ్‌అవుట్లు కలుపుకుని బయట పావుగంట దాకా పడుతుంది. ఆ పావుగంట కుర్చీలో కూర్చోబెడితే లేచేసరికి నడుము బిగుసుకుపోతుంది. ఆయన బెంచ్ చివర నేల మీద పడుకుని కనబడితే అది దర్జా కాదు, అవసరం. విరామంలో సగం సైకిల్ మీద, సగం పడుకుని గడపాలి. నాలుగైదు గంటల విమాన ప్రయాణం కూడా ఇలాంటిదే. ఒక్క ఆట కోసం తూర్పు తీరానికి పోయి వచ్చే ప్రయాణాల్లో ఆయన్ని ఇంటి దగ్గరే వదిలేయడం మేలు.

ఇక 28 నిమిషాలు ఎందుకు? 2023 మే 22న ప్లేఆఫ్ సిరీస్‌లో డెన్వర్‌తో నాలుగో ఆట గుర్తు చేసుకోండి. లెబ్రాన్ నాలుగు సెకన్లు తక్కువగా 48 నిమిషాలూ ఆడాడు. మొదటి సగంలో 31 పాయింట్లు, రెండో సగంలో 9. రెండు పాయింట్ల తేడాతో ఓడారు, సీజన్ అక్కడితో ముగిసింది. రెండేళ్ళ తర్వాత, 2025 ఏప్రిల్ 27న, మినెసోటాతో నాలుగో ఆటలో రెడిక్ గారు రెండో సగమంతా అవే ఐదుగురితో ఆడించారు. ఒక్క మార్పు కూడా లేదు. మూడో క్వార్టర్ ముగిసేసరికి పది పాయింట్ల ఆధిక్యం. నాలుగో క్వార్టర్‌లో లెబ్రాన్ ఒక్క పాయింటూ వేయలేదు. 46 నిమిషాలు ఆడాడు, 116-113తో ఓడారు. మూడు రోజులకు ఐదో ఆటలో ఆయన మోకాలి లిగమెంటు సాగింది, సీజన్ ముగిసింది. రెండుసార్లూ ఓటమికి కారణం ఆయన ఆట కాదు, ఆయన్ని ఆడించిన తీరు. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు చేసిన తప్పునే నలభైలో మళ్ళీ చేశారు. నలభై ఒకటి దాటాక మూడోసారి చేయడానికి ఇంకో ఒప్పందం ఎందుకు?

మేమైతే నిమిషాలు ఇలా పంచుతాం. మొదటి క్వార్టర్ మొదలై ఐదున్నర నిమిషాలు. తర్వాత బెంచ్. లూకా డాన్చిచ్ ఆ క్వార్టర్ మొత్తం ఆడతాడు కాబట్టి బంతి నడిపే మనిషికి కొదవ ఉండదు. రెండో క్వార్టర్ లూకా లేకుండా మొదలవుతుంది, అప్పుడు లెబ్రాన్ నాలుగు నిమిషాలు జట్టును నడిపించి, మధ్యలో నాలుగు నిమిషాలు ఆగి, చివరి నాలుగు మళ్ళీ ఆడాలి. మూడో క్వార్టర్ తిరిగి ఐదున్నర. నాలుగోదాంట్లో తొలి మూడు నిమిషాలు లూకా లేకుండా, మూడు నిమిషాల విరామం, ఆపైన చివరి ఆరు. కూడితే సరిగ్గా 28. ఏ విడతా ఆరు నిమిషాలు దాటదు. తేడా కొట్టేది ఎక్కడంటే, ప్రత్యర్థి వరసగా ఎనిమిది పాయింట్లు కొట్టినప్పుడు కోచ్ చేయి వణుకుతుంది, ‘ఇంకో రెండు నిమిషాలు’ అంటాడు. ఆ రెండు నిమిషాలే నాలుగో క్వార్టర్‌లో వడ్డీతో సహా పోతాయి. కాబట్టి మార్పు ఎప్పుడు చేయాలన్నది కోచ్ కాక, బెంచ్ మీద గడియారం పట్టుకున్న ఒక అసిస్టెంటు చెప్పాలి. వినడం కోచ్ వంతు.

వరస రాత్రుల ఆటల గురించి పెద్దగా చర్చ అవసరం లేదు. సీజన్‌లో సుమారు 15 జంటలు వస్తాయి, ప్రతి జంటలో ఒకటే ఆడాలి. స్టార్లను ఊరికే కూర్చోబెడితే జరిమానా కదా అని భయపడక్కర్లేదు. 2023లో తెచ్చిన నిబంధనలోనే దారి ఉంది: సీజన్ మొదటి రోజుకు 35 ఏళ్ళు నిండినవాళ్ళకు, లేదా రెగ్యులర్ సీజన్లలో 34 వేల నిమిషాలు దాటినవాళ్ళకు, వరస ఆటల్లో ఒకటి మానేందుకు లీగ్ ముందస్తు అనుమతి ఇస్తుంది. కనీసం వారం ముందు రాతపూర్వకంగా అడగాలి. ఇక్కడ పొరపాటు జరిగేది లూకా విషయంలో. ఆయనా స్టారే. ఒకే ఆటలో ఇద్దరు స్టార్లను విశ్రాంతి పేరుతో ఆపకూడదు. లెబ్రాన్ సెలవులు అక్టోబర్‌లోనే క్యాలెండర్ మీద రాసిపెట్టుకుని, లూకా సెలవులు వాటికి తగలకుండా వేసుకోవాలి. చివరి నిమిషంలో చూసుకుంటే మొదటిసారి లక్ష డాలర్లు, రెండోసారి రెండున్నర లక్షలు, ఆ తర్వాత ఒక్కోసారీ పది లక్షలు పెరుగుతూ పోతుంది. ఇంకో మంచి సంగతి: అవార్డులకు 65 ఆటలు ఆడి తీరాలన్న నిబంధన ఇక ఆయన్ని కట్టిపడేయదు. వరసగా 21 సీజన్లు ఆల్-ఎన్‌బీఏ జట్టులో (ఏడాదిలో మేటి ఆటగాళ్ళుగా ఎంపికైనవాళ్ళ జాబితాలో) ఉన్న మనిషికి ఇరవై రెండోసారి లేకపోతే పోయేదేమీ లేదు.

ఇప్పుడు కోర్టు మీద పని. వయసు మీద పడ్డ ఆటగాడి డిఫెన్స్ అంటే కాళ్ళు నెమ్మదించాయనుకుంటారు చాలామంది. సరిగ్గా చూస్తే మొదటి ప్రయత్నం ఇంకా బాగానే ఉంటుంది, పోయేది రెండోది. ప్రత్యర్థి గార్డు లోపలికి దూసుకొచ్చినప్పుడు లెబ్రాన్ తన మనిషిని వదిలి బుట్ట కిందికి వచ్చి అడ్డం నిలబడతాడు, సమయానికే వస్తాడు, లీగ్‌లో ఎవరికన్నా ముందు పసిగడతాడు కూడా. బంతి అక్కడి నుంచి మూలకు పోతుంది. మూలలో షూటర్ మీదికి తిరిగి పరుగెత్తాల్సింది ఆయనే. అక్కడ రెండడుగులు వేసి ఆగిపోతాడు. ఖాళీ మూడు పాయింట్ల షాటు. ఆ ప్లే మళ్ళీ వేసి చూస్తే తప్పు ఆయనది కాదు, ఆయనకిచ్చిన పనిది. అందువల్ల మూలలో మంచి షూటర్‌ను ఆయనకు అప్పగించకండి. షూటింగ్ రాని సెంటర్ (బుట్ట దగ్గర ఆడేవాడు) మీదో, వింగ్ (పక్కల నుంచి ఆడేవాడు) మీదో పెట్టండి, అప్పుడు ఆ రెండో పరుగు అవసరమే రాదు. స్క్రీన్ (తోటివాడి కోసం డిఫెండర్ దారికి అడ్డం నిలబడటం) పడినప్పుడు వెంటపడి పరుగెత్తించే బదులు మనుషులను మార్చుకోనివ్వండి. ఆయన బరువుకు లోపల ఆనుకుని ఆడేవాళ్ళు ఇప్పటికీ తక్కువే. కాకపోతే లూకా, ఆస్టిన్ రీవ్స్, లెబ్రాన్ ముగ్గురూ కోర్టు మీద ఉన్నప్పుడు మిగతా ఇద్దరిలో ఒకరు బంతి పట్టుకున్నవాణ్ణి ఆపగలవాడు, ఒకరు బుట్టను కాసేవాడు అయి తీరాలి. ఈ ముగ్గురినీ కలిపి ఆటకు 15 నిమిషాలకు మించి ఆడించడం మాకు ఇష్టం లేదు.

ఇంకొకటి ఉంది, చెప్పక తప్పదు. షాటు పోయాక రెఫరీ వైపు చేతులు చాపి నిలబడటం. ఆ మూడు సెకన్లలో అవతలివాళ్ళు ఐదుగురు, మనవాళ్ళు నలుగురు. లూకాదీ అదే జబ్బు కాబట్టి ఒక్కోసారి ముగ్గురే. 2023-24 నుంచి ప్రతి అరేనాలోనూ హాక్-ఐ కెమెరాలు ఉన్నాయి. బంతి పోయిన తర్వాత మొదటి మూడు సెకన్లలో ఎవరు ఎంత వేగంతో వెనక్కి వచ్చారో ప్రతి ఆటకూ లెక్క తీయొచ్చు. లెబ్రాన్‌ను అంచనా వేయడానికి పాయింట్ల సగటు కన్నా ఆ లెక్క నమ్మదగింది. ఏప్రిల్ దాకా నెలవారీగా తీసి పెట్టుకోండి, జూన్‌లో బల్ల మీద పెట్టాల్సిన కాగితం అదే.

ఆఫెన్స్‌లో చేయాల్సిన మార్పు చిన్నదే, కానీ మొండిది. బంతి లూకాది. లెబ్రాన్ ఇక స్క్రీన్ వేసే మనిషి. లూకాకు ఆయన స్క్రీన్ వేశాడనుకోండి. ప్రత్యర్థులు మనుషులను మార్చుకుంటే గార్డు ఒకడు లెబ్రాన్ మీద పడతాడు, బుట్ట పక్కన ఎడమ బ్లాక్‌లో బంతి ఇస్తే చాలు. ఇద్దరూ కలిసి లూకాను ముట్టడిస్తే బంతి ఫ్రీ త్రో గీత దగ్గర లెబ్రాన్ చేతిలో పడుతుంది, ముందు ముగ్గురు డిఫెండర్లు, మనవాళ్ళు నలుగురు. ఆ చోట నుంచి ఆయనకన్నా బాగా పాస్ ఇచ్చేవాడు ఈ లీగ్‌లో లేడు, దానికి మోకాళ్ళ బలమూ అక్కర్లేదు. మూడు పాయింట్ల షాటు కూడా నిలబడింది, 2023-24లో నూటికి 41, మరుసటి ఏడు 37.6. ఈ పని చేయగలడా అని అడిగేవాళ్ళకు డిసెంబర్ 4న టొరాంటోలో జరిగింది చూపిస్తే సరిపోతుంది. ఆ రాత్రి ఆయన షాట్లు 17కు 4 పడ్డాయి. ఎనిమిది పాయింట్లు. 2007 జనవరి నుంచి వరసగా 1,297 రెగ్యులర్ సీజన్ ఆటల్లో పది తగ్గని లెక్క తెగిపోబోతోంది. స్కోరు 120-120, చివరి క్షణాలు, బంతి ఆయన చేతిలోనే ఉంది. ఎగిరి ఒక షాటు కొడితే రికార్డు నిలుస్తుంది. మూలలో రుయి హచిమురా ఖాళీగా కనబడ్డాడు, పాస్ ఇచ్చేశాడు, బజర్‌తో పాటు మూడు పాయింట్లు. ఈ లెబ్రాన్‌ను ఉంచుకోమనే మేం చెబుతున్నది. రోజుకు 25 పాయింట్లు కొట్టాలని అడిగే లెబ్రాన్‌ను కాదు.

డబ్బు సంగతికి వద్దాం. ఈ ఏడాది ఆయన జీతం 5.26 కోట్ల డాలర్లు, లీగ్ పరిమితి 15.46 కోట్లు. వచ్చే ఏడు పరిమితి సుమారు 16.6 కోట్లని అంచనా. ఒప్పందం ముగిసిన ఆటగాడి మీద మీ హక్కులు నిలుపుకోవాలంటే అతని పేరు మీద కొంత మొత్తం మీ లెక్కలో ఉండిపోతుంది, దాన్నే క్యాప్ హోల్డ్ అంటున్నాం. లెబ్రాన్ విషయంలో అది పాత జీతానికి ఒకటిన్నర రెట్లు కావాలి, గరిష్ఠ జీతం దాటకూడదు కాబట్టి పరిమితిలో 35 శాతం దగ్గర ఆగుతుంది, అంటే 5.8 కోట్లు. సంతకం చేసేదాకా ఆ 5.8 కోట్లు పరిమితి కింద మీకున్న చోటంతా ఆక్రమించుకుని కూర్చుంటాయి.

కాగితం మీద వేసి చూడండి. లూకాకు 4.98 కోట్లు. రీవ్స్ తన ఆప్షన్ ఏడాదిని (ఉండాలా వద్దా అని తానే తేల్చుకునే చివరి ఏడాదిని) వదులుకుని మార్కెట్‌లోకి వచ్చినా ఆయన క్యాప్ హోల్డ్ 2.09 కోట్లే, చివరికి ఎంతిచ్చినా సంతకం దాకా లెక్కలో పడేది అంతే, కాబట్టి ఆయన సంతకం ఆఖరున పెట్టించాలి. ఈ ఇద్దరికీ కలిపి ఏడు కోట్లు. మిగతా ఆటగాళ్ళలో వాండర్‌బిల్ట్ 1.24 కోట్లు, లరావియా 60 లక్షలు, నెక్ట్ 42 లక్షలు, స్మార్ట్, ఏటన్ తమ ఆప్షన్లు వాడుకుంటే ఇంకో 1.35 కోట్లు, చిల్లరమల్లర. అన్నీ పోను ఐదు కోట్ల పైచిలుకు మిగులుతుంది. ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకునేంత చోటు. లెబ్రాన్ హోల్డ్ అలాగే ఉంచితే సున్నా. ఇదీ అసలు ప్రశ్న: ఆ చోటుకు సరిపడే మనిషి ఈ వేసవిలో నిజంగా దొరుకుతున్నాడా?

దొరుకుతుంటే లెబ్రాన్ మీద హక్కులు వదులుకోండి. చోటు వాడుకున్న జట్టుకు ఆపైన పరిమితి దాటి ఇవ్వగలిగే ఒక చిన్న మినహాయింపు మిగులుతుంది, ఈ సీజన్‌లో అది 88 లక్షలు, వచ్చే ఏడు కాస్త పెరుగుతుంది. దాన్ని ఆయనకు ఇవ్వజూపండి. ఒప్పుకుంటాడా అంటే, 2015లో టిమ్ డంకన్ 1.04 కోట్ల నుంచి 52 లక్షలకు దిగాడు, ఆ చోటులో శాన్ ఆంటోనియో లామార్కస్ ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చుకుని 67 ఆటలు గెలిచింది. అడిగితేనే తెలుస్తుంది. అయితే ఎదురు ఉదాహరణ కూడా మరవకండి. 2014లో డర్క్ నవిట్స్కీ మూడేళ్ళకు రెండున్నర కోట్లకే ఒప్పుకుంటే డాలస్ ఆ మిగులుతో చాండ్లర్ పార్సన్స్‌ను కొన్నది, ఆ పెట్టుబడి మోకాళ్ళ మీద కూలబడింది. ముసలాయన త్యాగం చేసినంత మాత్రాన పడుచువాడు నిలబడడు.

దొరకకపోతే, మా అంచనాలో దొరక్కపోవడానికే అవకాశం ఎక్కువ, పరిమితికి పైనే ఉండి హక్కులు వాడుకుని ఆయనకు రెండు నుంచి రెండున్నర కోట్లు ఇవ్వండి. పరిమితిలో అది నూటికి 12 నుంచి 15. మూడో స్థానంలో ఉండి 55 ఆటలు, ఆటకు 28 నిమిషాలు ఆడేవాడికి అది న్యాయమైన ధర, పైగా వేరే జట్టు ఏదైనా ఇవ్వగలిగే మినహాయింపు కన్నా ఎక్కువే. ఈ దారిలో ఉన్న సుఖం, ఒకటిన్నర కోట్ల మిడ్-లెవల్ మినహాయింపు మీ చేతిలో ఉంటుంది, దానితో డిఫెన్స్ ఆడే వింగ్‌ను తెచ్చుకోవచ్చు. దాన్ని వాడిన రోజు నుంచి మొదటి ఏప్రన్ (జట్టు జీతాల మొత్తానికి పరిమితి పైన లీగ్ గీసిన హద్దు) మీకు దాటరాని గీత అవుతుంది. ఈ ఏడు అది 19.6 కోట్లు, వచ్చే ఏడు 21 కోట్ల చుట్టుపక్కల. లెబ్రాన్‌కు నాలుగు కోట్లు ఇస్తే ఆ గీత కింద వింగ్‌కు చోటుండదు. రెండున్నర దగ్గర ఆగితే ఉంటుంది. ఆ ఒకటిన్నర కోట్ల తేడా లెబ్రాన్ అహానికి, మూలలో షూటర్ మీదికి పరుగెత్తగల కాళ్ళకు మధ్య తేడా.

రెండో ఏడు వద్దు, ఆప్షన్‌గా కూడా వద్దు. 38 దాటినవాళ్ళ ఒప్పందాలకు లీగ్ పెట్టిన ప్రత్యేక లెక్క నాలుగేళ్ళు, అంతకన్నా పొడుగు వాటికే వర్తిస్తుంది కాబట్టి అది ఇక్కడ అడ్డం రాదు. అడ్డం వచ్చేది ఇంకోటి. 2024 ఒప్పందంలో ఆయనకు ట్రేడ్‌ను (వేరే జట్టుకు మార్చేయడాన్ని) అడ్డుకునే హక్కు రాసిచ్చారు. కొత్తదాంట్లో ఆ మాట రాయకపోయినా, హక్కులున్న జట్టుతో ఒక్క ఏడాదికే సంతకం పెట్టిన ఆటగాడికి ఆ వీటో తనంతట తానే వస్తుంది. సంతకం వేళ దాన్ని వదులుకునే వీలు లీగ్‌కూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2023 ఉమ్మడి ఒప్పందం ఇచ్చింది. అడగండి. ఇవ్వనంటే పోట్లాడకండి, ఫిబ్రవరిలో ఆయన్ని ట్రేడ్ చేసే ఉద్దేశం మీకూ లేదు. కనీసం అడిగి ఉన్నామని రికార్డు ఉంటుంది.

లెబ్రాన్ కొడుకు బ్రానీ గురించి ఒక్క ముక్క. 2024లో కొత్త ఆటగాళ్ళ డ్రాఫ్ట్‌లో 55వ ఎంపికగా తీసుకున్నారు, నాలుగేళ్ళకు 79 లక్షలు, అది వేరే ఫైలు. తండ్రి ఒప్పందం మాట్లాడే గదిలోకి ఆ ఫైలు తేకండి. వాళ్ళు తెచ్చినా తెరవకండి. ఆ కుర్రాడికి కూడా అదే మేలు.

డిసెంబర్‌లో మీ ఊళ్ళోనే ఉన్న ఇంకో జట్టు నలభై ఏళ్ళ క్రిస్ పాల్‌ను అట్లాంటా పర్యటన మధ్యలో ఇంటికి పంపేసింది. అంతకుముందు సీజన్‌లో అదే మనిషి శాన్ ఆంటోనియోకు 82కి 82 ఆటలూ మొదటి ఐదుగురిలో ఆడాడు. ఒక్క వేసవిలో ఆటగాడు అంత మారిపోడు. మారింది అతనికిచ్చిన పని. ఒక చోట కుర్రాళ్ళకు బంతి అందించే పని ముందే ఖాయమైంది, రెండో చోట పాత్ర కుదరలేదు. కాబట్టి లెబ్రాన్‌తో ధర కన్నా ముందు పని మాట్లాడండి: నిమిషాలు, వరస ఆటలు, స్క్రీన్లు, నాలుగో క్వార్టర్‌లో బంతి ఎవరిదన్నది. రెడిక్ గారు స్వయంగా చెప్పాలి, ఏజెంటు రిచ్ పాల్ ఎదుట చెప్పాలి. స్నేహితుడిగా ఒకప్పుడు మైకు ముందు కూర్చుని కబుర్లు చెప్పుకున్న మనిషికి ఈ మాట చెప్పడం ఎంత ఇబ్బందో అర్థమవుతుంది. ఆ మొహమాటమే గత ఏప్రిల్‌లో 46 నిమిషాలైంది.

ఎప్పుడు? ఫైనల్స్ ముగిసిన మర్నాటి నుంచే సొంత ఆటగాళ్ళతో మాట్లాడొచ్చు. ఆ వారంలోనే రెండు అంకెలూ, చిన్న మినహాయింపుదీ, రెండున్నర కోట్లదీ, రెండు పరిస్థితులతో సహా ఆయన ముందు పెట్టండి. జూన్ 30 లోపు జవాబు అడగండి. ఆలోచించుకుంటానని జులైలోకి లాగితే ఆగకండి. మార్కెట్‌లో పనికొచ్చే వింగ్‌లు, సెంటర్లు మొదటి రెండు రోజుల్లోనే అయిపోతారు, 5.8 కోట్ల హోల్డ్ నెత్తిన పెట్టుకుని మీరు ఫోన్లు చేయలేరు. ఆ రోజున హక్కులు వదిలేసి, చోటు ఖాళీ చేసుకుని, రీవ్స్ సంతకాన్ని వెనక్కి జరిపి, జాబితాలో తర్వాతి పేరుకు ఫోన్ కలపండి.

ఇట్లు,
కొందరు తెలుగు లేకర్స్ అభిమానులు